గంటను దించకముందు దాని నాలుక చూడండి

మిర్యాలగూడ దిక్కు ఒక పల్లె నుంచి వచ్చిన ప్రశ్న ఇది: "మా చర్చి గంట ఒకప్పుడు ఊరవతల చెలకల దాకా వినబడేది. రెండేళ్లుగా పగిలిన బిందె మీద కొట్టినట్టు మోగుతోంది. తూకానికి అమ్మేసి మైకులో రికార్డు గంట పెడదామని సంఘ పెద్దలు అంటున్నారు. ఏం చెయ్యాలి?"

అమ్మకండి. ముందు నిచ్చెన వేసుకొని పైకెక్కండి, కాని ఎక్కేముందు తేనెపట్టు ఉందేమో కింద నుంచే చూసుకోండి. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పల్లె గంటలు బొంగురుపోయాయంటే చాలామటుకు తప్పు గంటది కాదు, నాలుకది. గంట లోపల వేలాడుతూ కొట్టే ఇనుప కమ్మీ, దాని చివరి గుండు, ఇదే నాలుక. పైకెక్కినవాళ్లు గంట పైభాగం చూసి, తుప్పు మీద చెయ్యి తిప్పి దిగుతారు. లోపలికి తల పెట్టి చూసేవాళ్లే లేరు.

దేవరకొండ దిక్కు ఒక చర్చి గంట సంగతి చూడండి. మూతి 18 అంగుళాలు, మంచి కంచు. లోపల నాలుకను పట్టుకునే కొక్కెం 16 ఎం.ఎం. కమ్మీతో చేసింది. ఏళ్ల తరబడి ఇనుము మీద ఇనుము రాసుకొని, ఒక పక్క సగానికి అరిగి చంద్రవంకలా మిగిలింది. అరిగినంత మేరా నాలుక కిందికి జారింది, దాదాపు 8 ఎం.ఎం. గంట మూతికి కాస్త పైన గోడ అన్నిటికంటే దళసరిగా ఉండే పట్టీ ఒకటి ఉంటుంది. గుండు తగలాల్సింది అక్కడ. ఇక్కడ అది దిగజారి మూతి అంచుకు తగులుతోంది. అంచు మీద బొటనవేలి గోరంత పెచ్చు లేచి, లోపలి కంచు మెరుస్తోంది. గుండు ఒక వైపు రూపాయి బిళ్లంత చదునైపోయింది. చదును గుండు చదును గుంట మీద పడితే ఖంగుమనదు, తట్టు సప్పుడే వస్తుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు తాడు దగ్గర జరిగింది. తాడును నేరుగా నాలుకకే కట్టి, స్లాబు రంధ్రంలోంచి కిందికి వదిలారు. కింద పిల్లలు గుంజి అలాగే వేలాడతారు. గుండు గంటను కొట్టి వెనక్కి రావాలి. తాడు బిగువుగా ఉంటే అది గోడకు అతుక్కునే ఉంటుంది. కంపిస్తున్న కంచుకు గట్టి ఇనుము ఆనించి పట్టుకుంటే కొట్టిన చేత్తోనే దాని గొంతు నొక్కినట్టు. పైగా ప్రతి దెబ్బా ఒకే చోట పడుతుంది. ఇంగ్లండులో ఎన్నో పాత గంటలు పగిలింది ఇలా నాలుకకు తాడు కట్టి గుంజడం వల్లే.

ఆ గంటకు కావలసిన పని ఒక్క రోజుది. కొత్త కొక్కెం, కమ్మీకీ కొక్కేనికీ నడుమ దళసరి తోలు ముక్క, గుండును లేత్ మీద మళ్లీ గుండ్రంగా తిప్పించడం. తర్వాత గంటనే తన ఇరుసు కింద పావు వంతు తిప్పి బిగించాలి. అప్పుడు గుండు దెబ్బ తినని చోట తగులుతుంది. వెల్డింగు ఏదైనా నేల మీద, గంటకు దూరంగా చేయించండి. గంటకు మాత్రం వెల్డింగు రాడ్ తాకనివ్వకండి. దళసరి కంచులో ఒక్కచోటే వేడి తగిలితే ఆ పక్కనే కొత్త పగులు పుడుతుంది. కంచును అతికే పని ఉంది కాని, దానికి గంటంతటినీ కొలిమిలో సమానంగా కాచి, మెల్లగా చల్లార్చాలి. మన సెంటర్లలోని వెల్డింగు షాపుల్లో అయ్యే పని కాదది.

నిజంగా పగిలిందో లేదో తేల్చుకోవడం తేలికే. నాలుకను బట్టతో చుట్టి పక్కకు కట్టేయండి. కర్ర సుత్తితో దళసరి పట్టీ చుట్టూ జానెడు దూరానికొకసారి తట్టండి. మంచి గంట ఎక్కడ తట్టినా హోరు సాగదీస్తుంది. పగులున్నది జిరజిరమని వెంటనే చస్తుంది. అనుమానం ఉన్న చోట కిరోసిన్ రాసి, పావుగంట ఆగి శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగుల్లో దాగిన కిరోసిన్ పొడిలోకి ఊరి గీత తేలుతుంది. క్రిస్మస్‌కు వెండి రంగు ఎనామిల్ పూసే అలవాటు మనకుంది కదా, ఆ పొరల కింద పగులు కనబడదు. దయచేసి గంటకు రంగు వేయకండి. కంచుకు పట్టే పచ్చటి పొరే దానికి కాపు. పావురాల రెట్ట మాత్రం నీళ్లతో కడగాలి, అది లోహాన్ని తింటుంది.

ఇంకో మాట, అది కంచో కాదో కూడా చూడండి. అయస్కాంతం అంటుకుంటే బీడు గాని ఉక్కు గాని. అమెరికాలో బళ్లకూ చర్చిలకూ చవకగా దొరకాలని పోత ఉక్కు గంటలు బోలెడన్ని పోశారు. పాత మిషన్ కాంపౌండుల్లో గంట భుజం మీద అక్షరాలుంటే తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో రుద్దండి, ఊరూ పేరూ పైకి తేలుతాయి. బీడు గంట హోరు ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది, అది దాని గుణం. కంచు గంటలో రాగి సుమారు 78 పాళ్లు, తగరం 22 పాళ్లు. తగరం అంత ఉండబట్టే ఆ గొంతు. అంత ఉండబట్టే అది గాజులా పెళుసు కూడా.

కొత్త నాలుక చేయిస్తే బరువు చూసుకోండి. 18 అంగుళాల కంచు గంట సుమారు 60 కిలోలుంటుంది. దానికి రెండు, మూడు కిలోల నాలుక చాలు. మెత్తటి ఇనుముతో చేయించండి, అరిగితే నాలుక అరగాలి గాని గంట కాదు. బరువైన గుండు పెడితే పెద్దగా మోగుతుందనుకోవడం భ్రమ. లండన్‌లోని బిగ్‌బెన్ 13 టన్నులు దాటిన గంట. 1859లో, మోగడం మొదలైన రెండు నెలలకే పగిలింది. కారణం మితిమీరిన సుత్తి బరువు. దాన్ని కొంచెం తిప్పి, తేలిక సుత్తి పెట్టి, ఆ పగులుతోనే ఇప్పటికీ మోగిస్తున్నారు.

తాడు సంగతికి వస్తే, ఇరుసు చివర మూరెడు ఇనుప చెయ్యి బిగించి దానికి కట్టండి. అప్పుడు గంట ఊగుతుంది, నాలుక దానంతటదే కొట్టి వెనక్కి వస్తుంది. ప్లాస్టిక్ తాడు మన ఎండకు పొడిపొడిగా రాలుతుంది, నూలు తాడు మేలు. మరీ జోరుగా ఊపకండి. నిండు చుట్టు తిరిగే గంట తన బరువుకు నాలుగింతలు కిందికి, రెండింతలు పక్కకు తోస్తుంది. నాలుగు సన్నటి పిల్లర్ల మీద నిలిపిన మన గోపురాలు పక్క తోపును ఓర్చవు. మొదలు పగులు కనబడేది స్లాబు, పిల్లరు కలిసే చోట. పిల్లర్ల మీద నమ్మకం లేకపోతే ఇరుసు కదలకుండా బిగించి, పక్కన చిన్న సుత్తి పెట్టండి. స్ప్రింగు దాన్ని వెనక్కి లాగేటట్టు ఉండాలి.

వానకాలం ముందర పిడుగుల సంగతి మనకు తెలిసిందే. గంట ఫ్రేముకు రాగి పట్టీ వేసి భూమిలోకి దింపండి. ఉరుముతున్నప్పుడు తాడు ముట్టకండి. యూరపులో గంట మోగిస్తే పిడుగు పారిపోతుందని నమ్మి, తడిసిన తాడు పట్టుకొని ఎంతోమంది చనిపోయారు. చివరికి 1786లో పారిస్ న్యాయసభ ఆ అలవాటును నిషేధించింది.

ఇక మైకు. ఆదివారం మొదటి గంటకు స్నానాలు, రెండో గంటకు బైబిలు చంకన పెట్టుకొని బయల్దేరడం, కేథలిక్ ఊళ్లలో మూడు పూటలా త్రికాల జపం గంట, ఎవరైనా పోతే ఆగి ఆగి కొట్టే సావు గంట, ఇవన్నీ మనిషి చేతి లెక్కలు. సావు గంట విన్న రైతు చెలకలో తలపాగా తీసి నిలబడేది ఆ నడిమి నిశ్శబ్దానికి. రికార్డులో ఆ నిశ్శబ్దం ఉండదు. కరెంటు పోతే ఆ గంటే ఉండదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లకు 2000 నాటి నిబంధనల అడ్డు ఎలాగూ ఉంది. గంటలో హోరు, దాని పైన కాస్త దిగులుగా వినబడే ఒక శ్రుతి, ఇంకా పై శ్రుతులు కలిసి ఉంటాయి. గొట్టం మైకు వాటిలో సగం మింగి, మిగిలినదాన్ని గీపెట్టిస్తుంది.

గంటను ఊరి మనిషిగా చూడటం కొత్త కాదు. 1591లో రష్యాలోని ఉగ్లిచ్‌లో రాకుమారుడు ద్మిత్రి చనిపోతే గంట మోగించి జనాన్ని పోగుచేశారు, అల్లరి చెలరేగింది. అందుకు ప్రభుత్వం గంటకే శిక్ష వేసింది. కింద పడేసి, కొరడాలతో కొట్టించి, నాలుక పీకి, చెవి కోసి, సైబీరియాలోని తొబోల్స్క్‌కు ప్రవాసం పంపింది. అది తిరిగి సొంతూరు చేరింది 1892లో. మన దగ్గర 1739లో మరాఠా సేనాని చిమాజీ అప్పా పోర్చుగీసుల నుంచి వసై కోటను గెలిచినప్పుడు అక్కడి చర్చి గంటలు మహారాష్ట్ర గుళ్లకు వెళ్లాయి. భీమశంకరం గుడిలో వేలాడేది అలాంటిదే. యుద్ధంలో గెలిచినవాళ్లు కూడా వాటిని కరిగించలేదు, మోగించుకున్నారు. మీరు తూకానికి వేస్తే అది ట్యాపులై, కుళాయి తలలై పోతుంది.

సుద్దపొడి పరీక్షలో పగులు తేలితే మోగించడం ఆపి, గంటను దించి చర్చి లోపలే పెట్టండి. అదే కంచుతో మళ్లీ పోయించుకోవచ్చు. తేలకపోతే మూతి వెడల్పు, కొక్కెం ఎంత అరిగింది, గుండు అంచుకు ఎన్ని అంగుళాల పైన తగులుతోంది, ఈ మూడూ కొలిచి ఇక్కడే రాయండి. నాలుక కొలతలు చెప్తాను. బిగించిన వారానికి మళ్లీ ఎక్కి నట్లన్నీ ఇంకోసారి బిగించండి, మొదటి వారంలోనే అవి వదులవుతాయి.