ట్యూక్స్‌బరీ జాతరకు వేషం కట్టబోతున్న లహరికి

చి. సౌ. లహరికి పెద్దమ్మ ఆశీస్సులు.

జులైలో ఇంగ్లండ్‌లో, పాతకాలపు ట్యూక్స్‌బరీ యుద్ధాన్ని మళ్ళీ ఆడి చూపించే ట్యూక్స్‌బరీ మెడీవల్ ఫెస్టివల్‌కి ఈసారి చూడ్డానికి కాదు, వేషం కట్టి క్యాంపులో ఉండటానికే వస్తున్నారని మీ అమ్మ చెప్పింది. యుద్ధం ఆడే మా గ్రూపు వాళ్ళు కూడా సరే అన్నారట. చాలా సంతోషం. అల్లుడు అప్పుడే కత్తుల ధరలు చూస్తున్నాడని కూడా చెప్పింది. ముందు ఆ పని ఆపించు.

కత్తి పట్టి మైదానంలోకి దిగాలంటే చలికాలమంతా గ్రూపుతో ప్రాక్టీసు చెయ్యాలి. అంచు మొద్దుగానే ఉన్నా అది ఉక్కు. సరిగ్గా తగిలితే వేలు విరుగుతుంది. శిక్షణ ఇచ్చేవాళ్ళు చూసి, ఇతని పక్కన నిలబడితే ప్రమాదం లేదు అనుకున్నాకే వరుసలోకి తీసుకుంటారు. ఒంటి నిండా కవచం అంటే వేల పౌండ్ల ఖర్చు, ఇరవై కిలోల పైన బరువు. అంత సరదాగా ఉంటే ఈ ఏడాది నీళ్ళు మోసే పని అడగమను. యుద్ధం కాస్త ఆగినప్పుడల్లా సైనికుల దగ్గరికి పరిగెత్తి నీళ్ళు తాగించేవాళ్ళు లేకపోతే జులై ఎండకు ఆ కవచాల్లో మనిషి నిలవలేడు. యుద్ధాన్ని లోపలి నుంచి చూడాలంటే కొత్తవాడికి అంతకంటే మంచి పని దొరకదు.

నువ్వు మాత్రం వంట దగ్గర చేరు. రెండు రోజులూ యుద్ధం మధ్యాహ్నం కాసేపే. మిగతా సమయమంతా జనం గుడారాల మధ్యే తిరుగుతారు. అక్కడ ఎవరైనా నిజంగా పని చేస్తూ కనిపిస్తే ఆగుతారు, ఊరికే కూర్చుని ఉంటే ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. నూలు వడకడమో, తోలు కుట్టడమో, వంటో, చేతికి ఒక్క పని రావాలి. నీకు వంట వచ్చు కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టు.

కానీ మన వంట కాదు సుమా. ఆ యుద్ధం జరిగింది 1471 మే 4న. కొలంబస్ ఓడ ఎక్కింది 1492లో. కాబట్టి మిరపకాయ, టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న ఏవీ క్యాంపులో కనపడకూడదు. నారింజ రంగు క్యారెట్ కూడా అప్పటికి లేదు, బుట్టలో కనిపిస్తే మా గ్రూపులో పెద్దావిడ ఊరుకోదు. బార్లీ, ఎండు బఠాణీ, ఉల్లి, లీక్ అనే ఉల్లికాడలాంటి కూర, క్యాబేజీ వేసి చిక్కగా ఉడికించే పాటేజ్ ఒకటి బాగా నేర్చుకో. చప్పగా ఉంటుందని దిగులుపడకు. మిరియాలు, అల్లం, దాల్చిన చెక్క, లవంగం, జీలకర్ర, కుంకుమపువ్వు అప్పటికే ఇంగ్లండ్‌లో ఉన్నాయి, కాకపోతే ఖరీదు. బియ్యం కూడా దిగుమతి సరుకే. బాదంపాలతో అన్నం వండి పెట్టావంటే అది గొప్పింటి భోజనం. ఈ సంగతి తెలిశాక నాకు రెండు రోజులు గర్వంగా ఉంది!

ఈ మిరియాల వల్ల నీకు ఇంకో ఉపయోగం ఉంది. నీ ముఖం చూసి ఎవరో ఒకరు అడుగుతారు, ఆ రోజుల్లో ఇక్కడ మీవాళ్ళున్నారా అని. చాలామంది మామూలు కుతూహలంతోనే అడుగుతారు, చిన్నబుచ్చుకోకు. ఏదో రాకుమారి కథ అల్లకు. గుప్పెట్లో మిరియాలు చూపించి, వాస్కో డ గామా కాలికట్ చేరింది 1498లో, అంతకు ముందే ఇవి మలబారు తీరం నుంచి అరబ్బు, వెనీసు వర్తకుల చేతులు మారి ఈ కుండలోకి వచ్చాయి అని చెప్పు. మా ఊళ్ళో కూడా అప్పటికి మిరపకాయ లేదు, కారం అంటే మిరియాలే అని కూడా చెప్పు. నోరు తెరుచుకుని వింటారు. ఈ నిప్పు నిజమైనదేనా అని కూడా అడుగుతారు. నవ్వకుండా అవునని చెప్పాలి.

బట్టల సంగతి. మొదటి ఏడాది ఏమీ కొనకు, గ్రూపు పెట్టెలో ఉన్నవి అడిగి వేసుకో. లోపల స్మాక్ అనే వదులు లినెన్ చొక్కా, పైన ముందు తాడుతో బిగించే కర్టిల్ అనే ఉన్ని గౌను, తలకు తెల్లటి లినెన్ గుడ్డ. జులైలో ఉన్ని ఏమిటి అనకు. నిప్పురవ్వ పడితే ఉన్ని మాడి ఆరిపోతుంది, పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. పొయ్యి దగ్గర ఉండేదానివి, ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు. నెయిల్ పాలిష్ తీసెయ్యి, వాచీ తీసెయ్యి. నల్లపూసలు తియ్యక్కర్లేదు, స్మాక్ లోపలికి వేసుకుంటే సరిపోతుంది. ఫోన్ గుడారంలోనే. బూట్లు మాత్రం కష్టం. ఆనాటి తోలు జోళ్ళకు అడుగున పట్టు ఉండదు, తడి గడ్డి మీద జర్రున జారతాయి. ఆ ఊరు సెవర్న్, ఏవన్ నదులు కలిసే చోట ఉంది, వాన పడితే బురదే బురద. రాత్రి చలి కూడా ఉంటుంది, దుప్పట్లు అనుకున్నదానికంటే రెండు ఎక్కువ తెచ్చుకో.

పిల్లల్ని యుద్ధం జరిగేచోటికి రానివ్వరు, తాళ్ళ ఇవతల ఉండాల్సిందే. ఫిరంగులు పేలుస్తారు. చిన్నదానికి చెవుల్లో పెట్టుకునేవి తప్పకుండా తీసుకురా.

శుక్రవారం మధ్యాహ్నానికల్లా వస్తే గుడారం వేసుకున్నాక ఊళ్ళోకి వెళ్దాం. వీధుల్లో ఆనాటి ప్రభువుల చిహ్నాలతో జెండాలు వేలాడుతుంటాయి, చూడ్డానికి బాగుంటుంది. అబ్బేకి, అంటే అక్కడి పాత మఠం చర్చికి మాత్రం అల్లుణ్ణి తప్పకుండా తీసుకెళ్ళాలి. యార్క్ పక్షం రాజు నాలుగో ఎడ్వర్డ్ గెలిచాక, సింహాసనం కోసం అతనితో పోరాడి ఓడిన లాంకాస్టర్ పక్షం వాళ్ళు ప్రాణభయంతో పరిగెత్తుకొచ్చి దాక్కున్నది అందులోనే. సోమర్‌సెట్ ప్రభువును, మరికొందరిని బయటికి ఈడ్చి, మే 6న ఊళ్ళోనే తలలు నరికారు. లాంకాస్టర్ పక్షం రాణి అంజూ మార్గరెట్ కొడుకు, పదిహేడేళ్ళ పిల్లవాడు, ఈ యుద్ధంలోనే పోయాడు. అతని పేరున్న ఇత్తడి ఫలకం అబ్బే నేల మీద ఉంది. అక్కడే ఒక తలుపు లోపలి వైపు ఇనప రేకులు కొట్టి ఉంటాయి, యుద్ధభూమిలో ఏరిన కవచాల ముక్కలని చెబుతారు. మర్నాడు మనం ఆడేది ఎవరి చావునో తెలిసి ఆడితే మంచిది. క్యాంపులో కొందరు కుర్రాళ్ళకు అది తెలియదు, వాళ్ళ మాటల్లోనే తెలిసిపోతుంది.

కారు శనివారం గేట్లు తెరిచేలోపు మైదానం నుంచి తీసేయాలి, కాబట్టి సామాను శుక్రవారం రాత్రికే దింపేయండి. కూలర్ బాక్స్ తేవచ్చు, పైన గోనెగుడ్డ కప్పితే చాలు. నీ పాదం కొలత, చిన్నదాని ఎత్తు ఈ వారంలో రాసి పంపు. పెట్టెలో పిల్లల కర్టిల్ ఒకటే ఉంది, ఇంకెవరూ అడక్కముందే పక్కన పెట్టిస్తాను.

ఉంటాను,
పెద్దమ్మ