మంచు ప్రాంతాల్లో ట్రైలర్ వైరింగ్ తుప్పు పట్టకుండా ఏం చేయాలి?

వైర్ల అతుకులన్నిటికీ లోపల జిగురు పూత ఉన్న హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునేది) తొడిగి, ప్లగ్ పిన్నులకు డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని, తడిని ఆపే గ్రీజు) రాస్తే తుప్పు చాలావరకు ఆగుతుంది.

అమెరికాలోని మిషిగన్, మిన్నెసోటా లాంటి చోట్ల చలికాలంలో రోడ్లపై మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. కాల్షియం, మెగ్నీషియం క్లోరైడ్లూ వాడతారు. ఇవి గాలిలోని తేమను లాక్కుంటాయి కాబట్టి పైకి ఆరినట్టున్నా లోపల తడి పోదు. ఆ ఉప్పునీరు రాగి పోగుల వెంట వత్తిలో నూనెలా పాకుతుంది. తొడుగు ఒలిస్తే నల్లబడ్డ రాగి, పచ్చటి పొడి కనిపిస్తాయి.

ఇండికేటర్ వేస్తే మిగతా లైట్లూ మసకగా మినుకుమంటున్నాయా? బల్బు మార్చే ముందు ఛాసిస్‌కు (ట్రైలర్ చట్రానికి) బిగించిన ఎర్త్ స్క్రూ చూడండి. ఎక్కువసార్లు దొంగ అదే.

నల్ల టేపు చుడితే సరిపోతుందనేది అపోహ. చలికి జిగురు వదిలేసి, సందుల్లోంచి దిగిన నీటిని టేపే పట్టి ఉంచుతుంది.