పెళ్లి సంగతి కాదు, పెళ్లింటి సంగతి రాయి

మహబూబ్‌నగర్,
2025 మే

బిడ్డా,

నువ్వు పంపిన కథనం అందింది. చదివి, ఒక రోజు ఆగి మళ్లీ చదివాను. "ఈ రెండు మూడు నెలలు మా ఇంట్ల ఊపిరాడలేదు పెద్దమ్మా, అందుకే ఇంతకన్న మంచిగ రాయలేకపోయిన" అని కింద రాశావు చూడు, అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆ ఊపిరాడకపోవడమే నువ్వు రాయాల్సిన సంగతి. దాన్ని సంజాయిషీలాగా చివర్లో పెట్టి, కథనంలో మాత్రం అన్నీ వరుసగా, సాఫీగా అయిపోయినట్టు చెప్పావు.

అక్క పెళ్లికి ఒక పేరా. తమ్ముడి పదో తరగతికి ఒక పేరా. నానమ్మ కంటి ఆపరేషన్, యాసంగి కోతలు, ఉగాది, అన్నిటికీ తలా ఒక పేరా. ఒక పేరాలో ఉన్న మనుషులు ఇంకో పేరాలోకి తొంగి కూడా చూడరు. కానీ ఇల్లు ఒకటే కదా. బీరువా ఒకటే, అందులో ఉన్న పైసలు అవే. అమ్మ ఒక్కతే. పెళ్లి అందరి ఇళ్లలోనూ అవుతుంది, పిల్లలు అన్ని ఇళ్లలోనూ పరీక్షలు రాస్తారు. ఒకదాని కోసం ఇంకొకటి ఎక్కడ పక్కకు జరగాల్సి వచ్చింది, ఎవరు సర్దుకున్నారు, ఎవరు సర్దుకోలేక మాట తూలారు అన్నది మాత్రం మీ ఇంటిదే. నిన్ను రాయమని అడిగేది అదే.

నీకు అది చేతకాదని కాదు. కథనంలో ఒక వాక్యం ఉంది. "లోపల పెళ్లి సామాన్లు ఉండబట్టి తమ్ముడు డాబా మీద చదువుకున్నాడు." ఇంత మంచి సంగతిని ఒక్క వాక్యంలో దాటేశావు. నేనైతే అక్కడే కూర్చుంటాను. ఏమేం సామాన్లు? స్టీలు బిందెలు, గంగాళం, అట్టపెట్టె విప్పని కుక్కర్, ప్లాస్టిక్ కవర్ తియ్యని పరుపు. ఆ పరుపును ఏ గోడకు ఆనించారు? దాని వెనకాల ఏం చిక్కుకుపోయింది? పరీక్షలు మార్చి 21న మొదలై ఏప్రిల్ 4 దాకా నడిచాయి. ఆ ఎండల్లో డాబా మీద నీడ ఎంతసేపు ఉంటుంది? నీళ్ల ట్యాంకు నీడ జరిగినకొద్దీ వాడూ జరిగాడా? పన్నెండింటికి ఎటు పోయాడు, పక్కింటి వాకిట్లోకా, స్కూలుకా, బావి కాడి చెట్టు కిందికా? "నాకు చోటు లేదు" అని ఎవరితోనన్నా అన్నాడా? అనకపోతే, ఎందుకు అనలేదు? ఏప్రిల్ 30న రిజల్ట్ వచ్చింది, పాసయ్యాడని రాశావు, సంతోషం. కానీ పాఠకుడు వాడి మార్కుల కోసం కాచుకోవాలంటే, ముందు వాడు చోటు వెతుక్కోవడం చూసి ఉండాలి.

అన్నీ ఈ కాలంలోనే మీద పడటానికి కారణాలున్నాయి, అవీ నీకు తెలియాలి. మా మహబూబ్‌నగర్, అదే పాలమూరు వైపు బొంబాయికో పుణెకో పనికి పోయినవాళ్లు ఉగాదికని ఇల్లు చేరతారు. మళ్లీ బస్సెక్కేలోపు పెళ్లి చూపులు, నిశ్చయం చేసుకునే పూలు పండ్లు, పసిబిడ్డల తొట్టెల, పోయిన ముసలోళ్ల సంవత్సరీకం, అన్నీ ఆ కొద్ది దినాల్లోనే కానివ్వాలి. మనుషులంతా ఒకచోట దొరికేది అప్పుడే. మీ నల్లగొండ వైపు వలస అంతగా లేకున్నా కాలువ ఉంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద యాసంగి వరి ఏప్రిల్‌లో కోతకొస్తుంది, చేతిలో నాలుగు పైసలు ఆడతాయి, పిల్లలకు బడి సెలవులు దగ్గరపడతాయి. అందుకే ముహూర్తాలు అటు జరుపుకుంటారు. ఇంటి క్యాలెండర్ రాసేది పంతులొక్కడే కాదు, కాలువలో నీళ్లు వదిలేవాళ్లు కూడా రాస్తారు. నీ కథనంలో ఈ లెక్క ఎక్కడా కనిపించలేదు. పాఠం చెప్పినట్టు పెట్టొద్దు. మీ నాయిన ముహూర్తం గురించి పంతులును అడిగిన మాటలోనే వచ్చేస్తుంది.

నాయిన మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. "నాన్న వడ్ల కాడ పడుకున్నాడు" అని రాశావు, పెళ్లికి వారం ముందు. పైసలు ఎక్కడ చిక్కుకున్నాయో రాయి. మిషన్ కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు, ఆరబెట్టాలి. ఆరబోస్తే మబ్బు పడుతుందేమోనని టెన్షన్. సన్నవడ్లయితే పచ్చివే ట్రాక్టర్‌లో పోసుకుని మిర్యాలగూడ మిల్లుకు తోలొచ్చు, కానీ అక్కడ ధర మిల్లువాళ్లు చెప్పిందే. ఇటు ఫంక్షన్ హాలుకు మిగతా పైసలు కట్టే గడువు, వంటవాళ్లకు అడ్వాన్స్, బంగారం. అంటే మీ అక్క మెడలో పుస్తెలతాడు ఎన్ని తులాలన్నది ఆ తేమ మిషన్ మీద పడే అంకె మీద కూడా ఆధారపడింది. ఆ అంకె చూసినప్పుడు మీ నాయిన ఏం చేశాడు? వడ్లు దోసిట్లోకి తీసుకుని చూశాడా, ఫోన్ తీశాడా, ఎవరికి చేశాడు? నువ్వు అక్కడ లేకపోతే ఉన్నవాళ్లను అడుగు. అడగడం కూడా రాయడంలో భాగమే.

ఇక అమ్మ. కథనం మొత్తంలో అమ్మకు దక్కింది "అమ్మ పనుల్లో మునిగిపోయింది" అన్న ఒక్క ముక్క. ఇది నాకు నిజంగా బాధ కలిగించింది, ఎందుకంటే ఆ ఇంట్లో అన్ని సంగతులూ ఒకదానికొకటి తగిలేది ఆమె చేతుల దగ్గరే. ఒక్క రోజు తీసుకో. పెళ్లికి ముందు, పరీక్ష ఉన్న రోజు. పొద్దున తమ్ముడికి బాక్సు కట్టింది, నానమ్మ కంట్లో చుక్కల మందు వేసింది, తర్వాత ఆధార్ కార్డు సంచిలో పెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కి జీరో టికెట్ తీసుకుంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది కదా, మన ఇళ్లలో పెళ్లి బజారు తీరే మారింది. ఇదివరకు ఒకే రోజు ఆటో మాట్లాడుకుని అన్నీ తెచ్చుకునేవాళ్లు. ఇప్పుడు ఆడవాళ్లు నాలుగుసార్లు పోతున్నారు, ఒకసారి జాకెట్ ముక్కలు, ఇంకోసారి కుడుకలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు. ఆటో కిరాయి మిగిలింది, కానీ సంచులు మోసిన భుజం ఒకటే. బస్సులో సీటు దొరికిందా ఆమెకు? దొరికితే నిద్రపోయిందా, ఒళ్లో సంచి పట్టుకుని చీరల లెక్క వేసుకుందా? ఏ ఆడబిడ్డకు ఏ చీర, ఎవరికి తక్కువైతే ఎవరు అలుగుతారు అన్న లెక్క చిన్నది కాదు బిడ్డా. ఎన్నో ఇళ్లలో చుట్టరికాలు తెగకుండా నిలబడుతున్నది ఆ లెక్క మీదే. అడిగి తెలుసుకుని రాయి. అడిగితే "ఏముంటది, అందరు చేసేదే" అంటుంది. అక్కడ ఆగిపోకు, "మరి మేనత్తకు ఆ రంగు ఎందుకు తీసినవ్?" అని అడుగు. చెప్తుంది.

నానమ్మ విషయంలో ఒక చిన్న సంగతి అడుగుతాను. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లను కొన్నాళ్లు వంగవద్దంటారు, బరువులు ఎత్తవద్దంటారు, పొగకూ దుమ్ముకూ దూరం ఉండమంటారు. పెళ్లింట్లో ఇవి లేని మూల ఎక్కడుంది? మీ ఇంట్లో పసుపు దంచేటప్పుడు పాట ఎత్తుకునేది ఆమే అయ్యుంటుంది. ఈసారి రోకలి ఎవరి చేతికొచ్చింది? ఆమె నల్లద్దాలు పెట్టుకుని దూరంగా కూర్చునే పాట ఎత్తుకుందా, లేక పాట లేకుండానే దంచారా? పెళ్లికని కుమ్మరింటి నుంచి ఐరేని కుండలు తెచ్చేటప్పుడు వెంట నడిచిందా? వీటికి జవాబులు రాస్తే ఆపరేషన్ పేరా, పెళ్లి పేరా వేరుగా ఉండనే ఉండవు.

అన్నట్టు నీ కథనంలో ఆమె "నాకు కళ్లు స్పష్టంగా కనిపించుట లేదు" అంటుంది. మీ నానమ్మ అట్లా మాట్లాడదని నాకు తెలుసు. "కండ్లు మసక మసకగున్నయ్ బిడ్డా, నీ మొకం అవుపడ్తలేదు" అంటుంది. నువ్వు కథ నడిపే భాష నీ ఇష్టం, పత్రికల భాషలో నడిపినా పర్వాలేదు. కానీ మనుషులు నోరు తెరిస్తే మాత్రం నల్లగొండ వినబడాలి. ఈ విషయంలో నేను మెత్తబడను.

మీ ఇంట్లో ఇప్పుడు ఇంకో వస్తువు ఉంది, దాన్ని నువ్వు పట్టించుకున్నట్టు లేదు. పెళ్లికొచ్చిన చుట్టాలు చదివించిన కట్నాలు రాసిన పుస్తకం. మొదటి పేజీకి పసుపు రాసి, పైన "శ్రీ" పెట్టి, మండపం పక్కన కుర్చీ వేసుకుని రాసేది. ఊరు, పేరు, అంకె. 516, 1116, మధ్యలో ఎక్కడో "చీర", "స్టీలు బిందె". రాసే చేయి మారిన చోట దస్తూరి మారుతుంది. అన్నానికి లేచినప్పుడు ఇంకొకరు కూర్చుని ఉంటారు. దాన్ని ముందేసుకుని ఒక పూట చదువు. తర్వాత మీ అమ్మ పెళ్లి నాటి పుస్తకం పెట్టెలో ఉందేమో అడుగు. ఉంటే రెండూ పక్కపక్కన పెట్టు. అప్పుడు 21 రూపాయలు రాయించిన ఇంటివాళ్లు ఇప్పుడు ఎంత రాయించారు, ఎవరి పేరు పక్కన ఊరు మారి హైదరాబాద్ అయింది, పాత పుస్తకంలో ఉండి కొత్తదాంట్లో లేనివాళ్లు ఎవరు, చనిపోయారా, మాటలు లేవా? నువ్వు కల్పించి రాయాలన్నా ఇంత కథ రాదు.

ఉగాది పేరా తీసెయ్. ఆరు రుచులు, జీవితంలో కష్టసుఖాలు అని రాశావు. అది నువ్వు చూసింది కాదు, ఎవరో ఎప్పుడో చెప్పింది నీ చేతిలోకి వచ్చింది. మార్చి 30న మీ ఇంట్లో ఏమైందో పెట్టు. పరీక్షల మధ్యలో పడిన పండుగ అది, తెల్లారితే రంజాన్. వేపపువ్వు ఎవరు కోసుకొచ్చారు? అమ్మ పూర్ణం పెట్టి బచ్చాలు చేసిందా, పెళ్లిలో ఎట్లాగూ ఉంటాయని ఈసారికి మానేసిందా? ఆ సాయంత్రం మీకు దగ్గర్లోనే హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం పథకం మొదలుపెట్టారు. మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తారన్న వార్త మీ వాకిట్లో ఎట్లా నడిచింది? వడ్లు పండించే ఇంట్లో ఆ మాట మీద తప్పకుండా ఏదో ఒక వాదన అయ్యుంటుంది. అలాంటిది ఒకటి పడితే నువ్వు సంవత్సరం వేయకపోయినా చదివేవాళ్లకు ఏ ఉగాదో తెలిసిపోతుంది.

ఇవన్నీ చిన్న సంగతులు, ఎవరు చదువుతారు అని నీకు అనిపించవచ్చు. మన పాలమూరు గడ్డ మీది సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర తెచ్చారు. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, వేటిని నమ్మారు అన్నదే అందులో ఆయన పట్టించుకున్నది. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 1955లో, దానికే వచ్చింది. ఆ సంగతుల కోసం ఆయన పాత కావ్యాలు జల్లెడ పట్టాల్సి వచ్చింది, ఒక పద్యంలో ఒక వంటకం, ఇంకో పద్యంలో ఒక బట్ట పేరు. ఇంటి సంగతులను నేరుగా కూర్చుని రాసిపెట్టినవాళ్లు అంత తక్కువ. రేపు ఎవరైనా 2025 నాటి నల్లగొండ పల్లె కోసం వెతికితే వాళ్లకు అంత కష్టం ఎందుకు?

ఒక్క విషయంలో జాగ్రత్త చెప్పాలి. పెళ్లి మాటల రాత్రి ఇచ్చిపుచ్చుకోవడాల దగ్గర జరిగిన గొడవ పేర్లతో సహా రాశావు. బాగా రాశావు, నీ కథనంలో అంత సూటిగా ఉన్న చోటు ఇంకోటి లేదు. కట్నం 1961 నుంచి చట్టం ప్రకారం నేరమని అక్కడ కూర్చున్న పెద్దలందరికీ తెలిసి కూడా లెక్కలు మాట్లాడుకున్నారన్న కోపం నీది, ఆ కోపం న్యాయమైంది. కానీ ఆ ఇంట్లో రేపటి నుంచి బతకాల్సింది మీ అక్క. ముందు ఆమెకు చదివి వినిపించు, అమ్మ దగ్గర కాదు, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు. వద్దంటే తీసి నీ నోట్‌బుక్‌లో దాచు, చింపొద్దు. తీసిన చోట "అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు" అని మాత్రం రాయకు. ఆ రాత్రి సంగతి లేకుండానే కథనం నిలబడుతుంది, అబద్ధంతో నిలబడదు. ఇంకో పదేళ్లకు ఆమే "ఇప్పుడు రాయి" అనవచ్చు.

మళ్లీ రాసేటప్పుడు అన్నీ పెట్టాలని చూడకు. డాబా మీది తమ్ముడు, బస్సులో అమ్మ, వడ్ల కాడ నాయిన, వీళ్లలో ఒకరిని పట్టుకుని ఒక్క రోజు నడువు, మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే దారిలో ఎదురొస్తారు. నన్నడిగితే అమ్మ వెంట నడవమంటాను. నిడివి గురించి ఇప్పుడే ఆలోచించకు, ఎక్కువైతే ఇద్దరం కూర్చుని కోద్దాం.

మృగశిర లోపల పంపించు, వానలు పడి దుక్కులు మొదలైతే నీకు తీరదు. కాగితం మీదే రాసి పేజీలు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, కొట్టివేతలతో సహా పెట్టు, నువ్వు ఏం రాసి ఏం తీసేశావో నాకు చూడాలని ఉంది. నానమ్మకు చుక్కల మందు మానొద్దని, డాక్టర్ చెప్పినన్ని రోజులు వేయించుకోమని నా మాటగా చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ