రంగూన్ ఇంటి మీద మాకు హక్కు ఉంటుందా?

ప్రశ్న: మాది బరంపురం. మా తాత గోపాల్‌పూర్‌లో ఓడెక్కి బర్మాలోని (ఇప్పటి మయన్మార్) రంగూన్ వెళ్లి, బియ్యం మిల్లులో పనిచేసి, చిన్న ఇల్లు కొన్నాడట. 1942 ఫిబ్రవరిలో ఇత్తడి సామానంతా పెరట్లో పాతిపెట్టి అందరూ అరకాన్ కొండల మీదుగా నడిచి వచ్చేశారు. యుద్ధం అయ్యాక తాత ఒక్కడే వెళ్లి, ఇంట్లో వేరేవాళ్లు ఉన్నారని ఉత్త చేతులతో వచ్చాడు. ఈమధ్య ఆయన ట్రంకుపెట్టెలో ఇంటి పన్ను రసీదు, జపాన్ వాళ్లు వేసిన రూపాయి నోట్లు దొరికాయి. ఆ ఇల్లు అడగొచ్చా? అప్పటివాళ్లలో మా మేనత్త ఒక్కతే మిగిలింది.
– ఒక పాఠకుడు

జవాబు: ఇల్లు రాదండీ. యుద్ధం తర్వాత వెనక్కి వెళ్లి అక్కడే నిలదొక్కుకున్నవాళ్లకే, 1962లో సైన్యం గద్దెనెక్కాక దుకాణాలు పోయాయి, 1964 మేలో 50, 100 చాట్ (బర్మా డబ్బు) నోట్లు రద్దయ్యేసరికి దాచుకున్నదీ పోయింది, చాలామంది కట్టుబట్టలతో తిరిగొచ్చారు. పైగా విదేశీయుల పేరిట స్థిరాస్తి బదిలీ కాకుండా 1987లో చట్టం చేశారు. రసీదు పట్టుకుని తిరిగితే బాగుపడేది లాయర్లే.

అయినా దాన్ని పారెయ్యకండి, అందులో వీధి పేరు ఉంటే చోటు పట్టుకోవచ్చు. డల్హౌసీ వీధి ఇప్పుడు మహాబందూల రోడ్డు, ఫ్రేజర్ వీధి అనోరథా రోడ్డు. ప్రయాణం మాత్రం ఇప్పుడే వద్దు. 2021లో సైన్యం మళ్లీ అధికారం లాక్కున్నప్పటి నుంచి అక్కడ పోరు నడుస్తోంది.

కాగితాలు కావాలంటే ఇక్కడే వెతకండి. ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్ వాళ్ల 'అభిలేఖ్ పటల్' వెబ్‌సైట్‌లో బర్మా కాందిశీకుల ఫైళ్లు చూడండి. తాత ఓడెక్కింది 1936కి ముందయితే అప్పటికి మీ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది కాబట్టి చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లో, ఆ తర్వాతయితే భువనేశ్వర్‌లో అడగాలి. పేరు దొరుకుతుందని హామీ ఇవ్వలేను.

నాకు ఆసక్తిగా అనిపించింది ఆ నోట్లు. రంగూన్ జపాన్ చేతికి వెళ్లింది 1942 మార్చి 8న, మీవాళ్లు అప్పటికే బయల్దేరిపోయారు. అంటే అవి తాత రెండోసారి వెళ్లినప్పుడు వచ్చినవే అయుండాలి, కానీ బ్రిటిష్‌వాళ్లు తిరిగి రాగానే ఆ నోట్లు చెల్లవన్నారు. చెల్లని డబ్బు ఆయనకు ఎవరిచ్చారు, ఇంట్లో ఉన్నవాళ్లా? పెరట్లో అసలు తవ్వనిచ్చారా? ఇది చెప్పగలిగితే మీ అత్తయ్యే చెప్పాలి, ఆర్కైవ్స్ ఎక్కడికీ పోవు, ఈ ఆదివారమే ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి ఆవిడ దగ్గర కూర్చోండి.