బ్రూవరీ కొలువా, పర్యావరణ పట్టానా: అమ్మాయి ఏది ఎంచుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి బయోటెక్నాలజీలో బీటెక్ చివరి సంవత్సరం చదువుతోంది. ఒక మధ్యతరహా ప్రాంతీయ బ్రూవరీలో నీటి వాడకం తగ్గించడం, వ్యర్థాల నిర్వహణ అనే అంశాల మీద ఆరు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. అది పూర్తయ్యాక విదేశంలో బ్రూయింగ్ (బీరు తయారీ) సాంకేతికతలో మాస్టర్స్ చేస్తానంటోంది. బీరు కంపెనీ అని నలుగురిలో చెప్పుకోవడానికి మాకు ఇబ్బందిగా ఉంది. అందుకే సస్టైనబిలిటీ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ చేయమంటున్నాం. దానికి ఇప్పుడు మంచి గిరాకీ ఉందని విన్నాం. రెండింటిలో ఏది మేలు? విద్యారుణానికి ఇప్పుడే దరఖాస్తు చేయవచ్చా? ఇలాంటి చోట ఆడపిల్లకు భద్రత ఉంటుందా? — ఒక తండ్రి

జవాబు: మీరు రెండు కోర్సుల మధ్య తేడా అడిగారు. కానీ మీ ఉత్తరంలో అసలు కనిపిస్తున్నది బంధువుల ముందు ఏం చెప్పాలన్న బెంగ. ఈ బెంగ ఒకసారి సిగరెట్ల కంపెనీ పేరుతో, ఇంకోసారి కబేళా పేరుతో, మరోసారి క్రిమిసంహారకాల పేరుతో నా దగ్గరకు వస్తూనే ఉంటుంది. కోర్సుల సంగతికి వెళ్లే ముందు దీన్ని తేల్చుకోవడం మంచిది, ఎందుకంటే ఇది తేలకుండా ఏ కోర్సులో చేర్చినా రేపు మీ ఇంట్లో ఇదే వాదన మళ్లీ మొదలవుతుంది.

మద్యం మీద మీకు నిజంగా నైతికమైన అభ్యంతరం ఉంటే దాన్ని నేను గౌరవిస్తాను. మద్యపానం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 26 లక్షల మరణాలకు మద్యం కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. బ్రూవరీ పైకప్పు మీద ఎన్ని సౌరఫలకాలు పరిచినా ఆ సంఖ్య తగ్గదు. మీ అమ్మాయి ఈ మాటను కాదనకుండా ఎదుర్కొని, ఆ తర్వాతే నిర్ణయం తీసుకోవాలి. అయితే మీ ఉత్తరంలో ఈ అభ్యంతరం ఎక్కడా లేదు. బీరు తయారైతే మీకు ఇబ్బంది లేదు, బీరు అన్న మాట పట్టా మీద కనిపిస్తేనే ఇబ్బంది. మీరు చెప్పిన కోర్సు చదివి ఆమె మళ్లీ అదే బ్రూవరీలో పర్యావరణ అధికారిగా చేరితే మీరు సంతోషంగా అందరికీ చెప్పుకుంటారన్నమాట. దయచేసి అమ్మాయికి ఈ దాగుడుమూతలు నేర్పకండి. మీ ఉత్తరం మొత్తంలో ఆమె ఈ పనిని ఎందుకు ఇష్టపడుతోందో ఒక్క వాక్యమైనా లేదు. మీరు అడిగి ఉండరని నా అనుమానం.

ఇక ఆ పని ఏమిటో చూద్దాం. పర్యావరణహితమైన బ్రూవరీ అనగానే చాలామంది ప్రాంగణంలో మొక్కలు నాటడాన్నో, సీసా మీద ఆకుపచ్చ ముద్రనో ఊహించుకుంటారు. నిజానికి అక్కడి పనంతా గొట్టాల్లో, ట్యాంకుల్లో, మీటర్లలో ఉంటుంది. ఒక లీటరు బీరు తయారీకి సమర్థంగా నడిచే కర్మాగారం 3 లీటర్ల చుట్టూ నీళ్లు వాడితే, అజాగ్రత్తగా నడిచే చిన్న కర్మాగారం 7 లీటర్లో, అంతకంటే ఎక్కువో వాడేస్తుంది. సీసాలోకి వెళ్లే లీటరు పోను మిగిలినదంతా ట్యాంకులు కడగడానికి, చల్లబరచడానికి, బాయిలర్లకు ఖర్చవుతుంది. ట్యాంకును కాస్టిక్ సోడాతో కడిగి చివరిసారి మంచినీళ్లతో తొలిచినప్పుడు వచ్చే నీరు దాదాపు శుభ్రంగానే ఉంటుంది. దాన్ని కాలువలోకి వదలకుండా పట్టి ఉంచి, తర్వాతి ట్యాంకును మొదటిసారి తొలవడానికి వాడుకోవచ్చు. మరిగిన మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) రసాన్ని పులియబెట్టే ముందు చల్లార్చాలి కదా, పలుచని లోహపు పలకలు వరుసగా పేర్చిన ఉష్ణమార్పిడి యంత్రంలో ఆ రసం ఒక వైపు నుంచి, చన్నీళ్లు మరోవైపు నుంచి ప్రవహిస్తాయి. రసం చల్లారుతుంది, నీళ్లు 75, 80 డిగ్రీలకు వేడెక్కి బయటికి వస్తాయి. ఆ వేడినీళ్లతోనే తర్వాతి విడత మాల్టును నానబెడితే బాయిలర్‌కు అంత ఇంధనం మిగిలినట్టే. ఈ రెండు పనుల్లో ఏదీ నినాదాలతో జరగదు, ఏ వాల్వు ఎప్పుడు తెరవాలో, ఏ నీటిలో ఎంత సోడా మిగిలిందో తెలిసినవాళ్లు అక్కడ ఉండాలి.

పిప్పి సంగతి ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. 100 లీటర్ల బీరు తయారైతే దాదాపు 20 కిలోల తడి బార్లీ పిప్పి మిగులుతుంది. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. మిగిలిన దాంట్లో మాంసకృత్తులు, పీచు పుష్కలంగా ఉంటాయి కాబట్టి పాడిపశువులకు మంచి దాణా అవుతుంది. అయితే వేడివేడిగా బయటపడ్డ ఈ పిప్పి వెచ్చని వాతావరణంలో ఒకటి రెండు రోజుల్లోనే పులిసి కంపు కొడుతుంది. అందుకని చుట్టుపక్కల పాడిరైతులతో రోజువారీ ఒప్పందం, సమయానికి వచ్చే బండి, రాని రోజున ఏం చేయాలన్న ఏర్పాటు ఉంటేనే అది దాణా, లేకపోతే అది పెంటకుప్ప. అమెరికాలోని అలాస్కాలో జూనో అనే పట్టణానికి బయటి ప్రాంతాలతో రోడ్డు మార్గమే లేదు, పిప్పిని తీసుకెళ్లే పశువుల ఫారాలూ దగ్గర్లో లేవు. అక్కడి అలాస్కన్ బ్రూయింగ్ కంపెనీ ఆ పిప్పిని ఆరబెట్టి ఓడల మీద దూరప్రాంతాలకు పంపుతూ వచ్చింది. 2010ల తొలి ఏళ్లలో పిప్పినే ఇంధనంగా మండించే ఆవిరి బాయిలర్‌ను కట్టించుకుంది. పశువులున్న చోట ఈ పద్ధతి అనవసరం కావచ్చు. ఏ ప్రాంతానికి ఏది సరిపోతుందో లెక్క వేయగలగడమే ఈ ఉద్యోగం.

ప్రాంతానికి బ్రూవరీ చేసే మేలు, కీడు రెండూ ఎక్కువగా మురుగునీటి దగ్గరే తేలిపోతాయి. చక్కెరలు, ఈస్టు, కడిగిన సోడా, ఆమ్లం కలిసిన ఆ నీటిని శుద్ధి చేయకుండా చెరువులోకి వదిలితే సూక్ష్మజీవులు ఆ చక్కెరలను తింటూ నీటిలోని ఆక్సిజన్‌ను హరిస్తాయి, చేపలు చచ్చిపోతాయి. అదే నీటిని గాలి చొరబడని ట్యాంకులో సూక్ష్మజీవులకు అప్పగిస్తే మీథేన్ వస్తుంది, దాన్ని బాయిలర్‌లో మండించుకోవచ్చు. నెదర్లాండ్స్‌లో గాట్జే లెట్టింగా బృందం 1970లలో రూపొందించిన రియాక్టర్ ఇలాంటి పరిశ్రమలకు బాగా అమరింది. దాన్ని నడపడం మీ అమ్మాయి చదివిన బయోటెక్నాలజీకి నేరుగా సంబంధించిన పని. ఊరి క్రీడోత్సవానికి డబ్బిచ్చి మురుగును ఊరి కాలువలోకి వదిలే బ్రూవరీ కంటే, ఉత్సవాలకు పైసా ఇవ్వకపోయినా తన నీటిని తానే శుభ్రం చేసుకుని, ఎంత నీరు తోడుతోందో ఊరికి లెక్క చూపించే బ్రూవరీ నా దృష్టిలో మెరుగైన పొరుగు. విత్తనం వేయకముందే బార్లీ రైతుతో ధర ఒప్పుకుని సంతకం చేయడం, చుట్టుపక్కల వాళ్లకు స్థిరమైన ఉద్యోగాలివ్వడం, తమ సరుకు వల్ల ఇళ్లలో జరిగే నష్టాన్ని ఒప్పుకుని అమ్మకాల ఎరలు తగ్గించుకోవడం కూడా ఊరికి చేసే సాయమే. చివరిది మాత్రం ఏ కంపెనీకైనా కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే అది ఆదాయానికి ఎదురు నిలుస్తుంది.

ఇప్పుడు గిరాకీ ఉందని మీరు విన్న కోర్సు గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి. సస్టైనబిలిటీ మేనేజ్‌మెంట్ పట్టాల మీద నాకున్న సందేహం ఏమిటంటే, వాటిలో చాలావరకు నివేదికలు రాయడం నేర్పుతాయి, యంత్రాన్ని మార్చడం నేర్పవు. ఒక పరిశ్రమ లోపలి పని తెలిసినవాళ్లకు ఆ నివేదికా నైపుణ్యం తోడైతే బంగారమే. ఏ పరిశ్రమా తెలియని ఇరవై రెండేళ్ల పట్టభద్రురాలికి అదొక్కటే చేతిలో ఉంటే, ఆమె ఇతరులు ఇచ్చిన అంకెలను పట్టికల్లో నింపే ఉద్యోగంలో చిక్కుకుంటుంది. ఆ అంకె తప్పో ఒప్పో గుర్తుపట్టే అనుభవం ఆమెకు ఉండదు. కంపెనీలకు లాభాలు తగ్గిన ఏడాది ముందుగా కోతపడేది కూడా ఇలాంటి విభాగాలకే. మురుగుశుద్ధి నడిపే ఇంజినీరును తీసేస్తే కర్మాగారం ఆగిపోతుంది కాబట్టి ఆమె జోలికి సులువుగా ఎవరూ రారు.

అమెరికాలోని కొలరాడోలో 1991లో మొదలైన న్యూ బెల్జియం బ్రూవరీ ఈ రంగంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ. 2008లో తన ఆరు సీసాల ప్యాక్ మీద, వాతావరణాన్ని వేడెక్కించే వాయువుల లెక్క వేయిస్తే, దుకాణాల్లో సీసాలను చల్లగా ఉంచే యంత్రాలదీ, గాజు తయారీదీ పెద్ద వాటాలని తేలింది, కర్మాగారం గోడల లోపలి వాటా చాలా చిన్నది. అంటే సీసాలను తిరిగి తెప్పించుకుని కడిగి వాడటం, దగ్గరి మార్కెట్‌కే అమ్మడం లాంటి నిర్ణయాలకు, అంటే ప్రాంతీయ బ్రూవరీకి సహజంగా వీలున్న వాటికి, ఎంతో విలువ ఉంది. అదే కంపెనీ 2012లో పూర్తిగా ఉద్యోగుల సొంతమైంది, 2019లో జపాన్ బీరు కంపెనీ కిరిన్‌కు చెందిన లయన్ సంస్థ చేతికి అమ్ముడుపోయింది. ఆ అమ్మకం మంచిదా కాదా అన్న చర్చ ఇక్కడ వద్దు. ఆదర్శాలను చూసి చేరినవాళ్లకు యాజమాన్యం రాత్రికి రాత్రి మారిపోవచ్చనీ, చేతిలో పని ఉంటే ఆ మార్పును తట్టుకోవచ్చనీ మీ అమ్మాయికి తెలియాలి.

కోర్సుల పోలిక క్లుప్తంగా చెబుతాను. బ్రూయింగ్ చదువుకు ఎడిన్‌బరోలోని హెరియట్ వాట్, మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలోని వైహెన్‌స్టెఫాన్, అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పేరున్నవి. ప్రవేశార్హతలు వాళ్ల వెబ్‌సైట్లలో ఉంటాయి, అమ్మాయి ఈపాటికే చూసి ఉంటుంది. లండన్ కేంద్రంగా ఉన్న చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రూవర్స్ అండ్ డిస్టిలర్స్ పరీక్షలను ఉద్యోగం చేస్తూనే రాయవచ్చు, పరిశ్రమలో వాటికి విలువ ఉంది. బీరు మీద మీ ఇంట్లో రాజీ కుదరకపోతే నేను సూచించే ప్రత్యామ్నాయం సస్టైనబిలిటీ మేనేజ్‌మెంట్ కాదు, పర్యావరణ ఇంజినీరింగో, సూక్ష్మజీవులతో సరుకులు తయారుచేయడం నేర్పే బయోప్రాసెస్ ఇంజినీరింగో. రెండూ చేతిలో పని పెట్టే చదువులే.

బ్రూయింగ్ చదువు ఒకే తలుపున్న గది కూడా కాదు. ట్యాంకులో ఈస్టును బతికించి, కలుషితం కాకుండా కాపాడి, ఉష్ణోగ్రతను అదుపులో ఉంచగలిగిన వ్యక్తి రేపు ఇన్సులిన్, టీకాలు, ఎంజైములు, పెరుగు తయారయ్యే చోట్లకు వెళ్లగలదు. ట్యాంకులను విప్పకుండా లోపలే కడిగే పద్ధతి పాడి పరిశ్రమలోనూ, ఔషధ పరిశ్రమలోనూ ఇదే. బయోటెక్నాలజీ విద్యార్థులు రోజూ వాడే పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే) కొలమానాన్ని రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ 1909లో ప్రతిపాదించింది కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో, అంటే ఒక బ్రూవరీ నెలకొల్పిన సంస్థలో. గణాంకశాస్త్రంలో సగటుల మధ్య తేడా నిజమైనదో కాదో తేల్చడానికి ఇప్పటికీ వాడే టీ పరీక్షకు మూలమైన వ్యాసాన్ని 1908లో స్టూడెంట్ అనే మారుపేరుతో ప్రచురించిన విలియం గాసెట్ గిన్నిస్ బ్రూవరీ ఉద్యోగి. పేరు దాచుకోవడానికి కారణం బంధువుల మాట కాదు, ఉద్యోగుల పరిశోధనలు పోటీదారులకు అందకూడదన్న కంపెనీ నిబంధన.

ఆడపిల్లకు భద్రత అని అడిగారు. రాత్రి షిఫ్టులు, రవాణా, ఫిర్యాదుల కమిటీ గురించి ఏ కర్మాగారంలోనైనా అడిగినట్టే ఇక్కడా అడగండి. బ్రూవరీకి ప్రత్యేకమైన అపాయం మాత్రం మరొకటి ఉంది, అది ఆడామగా చూడదు. 180 గ్రాముల గ్లూకోజ్ పూర్తిగా పులిస్తే సుమారు 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అది గాలి కంటే బరువైనది కాబట్టి ట్యాంకుల అడుగున, నేలమాళిగల్లో పేరుకుంటుంది. ఖాళీగా కనిపిస్తున్న ట్యాంకులోకి పరీక్షించకుండా దిగినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలు ఈ పరిశ్రమలో ఉన్నాయి. వాయువును కొలిచే పరికరాలు ఉన్నాయా, ట్యాంకులోకి దిగే ముందు రాతపూర్వక అనుమతి ఉంటుందా, బయట ఒక మనిషి కాపలా ఉంటారా అని చేరే ముందే అడగమనండి. ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట ఎంత మంచి భత్యం ఇచ్చినా చేరనక్కరలేదు.

రుణానికి ఇప్పుడే దరఖాస్తు చేయకండి. ముందు ఆరు నెలల ఇంటర్న్‌షిప్ పూర్తి చేయనివ్వండి. మొదటి నెలలోనే లీటరు బీరుకు ఎన్ని లీటర్ల నీళ్లు వాడుతున్నారో, పిప్పి ఎవరు ఎన్ని గంటల్లో తీసుకెళ్తున్నారో, మురుగుశుద్ధి కేంద్రం రోజువారీ రికార్డులు ఎలా ఉన్నాయో తెలుసుకోమనండి. ఆ అంకెలు చూపించడానికి వెనుకాడితే అక్కడ పర్యావరణం పేరుతో ఆమెకు ఫొటోలు, పోస్టర్ల పనే మిగులుతుందని అర్థం, అప్పుడు ఇంకో చోటు వెతుక్కోవచ్చు. అంకెలు చూపించి, ఒక వాల్వునో, ఒక మీటరునో మార్చే అవకాశం ఇస్తే ఆ మార్పుకు ముందూ తర్వాతా వచ్చిన తేడాను ఆమె రాసిపెట్టుకోవాలి. విశ్వవిద్యాలయాలకు పంపే దరఖాస్తుకు అంతకంటే బలమైన కాగితం ఉండదు. బ్రూయింగ్ మాస్టర్సా, పర్యావరణ ఇంజినీరింగా అన్నది అప్పుడు ఆమే చెబుతుంది, ఎంత రుణం కావాలో కూడా అప్పుడే తేలుతుంది.