ఒకే 8 యార్డుల స్కిప్‌కు మూడు ధరలు ఎందుకు చెబుతున్నారు?

మీరు ఇంగ్లండ్‌లోని స్లౌలో కొన్న టెర్రస్ ఇంట్లో (ఒకదానికొకటి అంటుకుని వరుసగా ఉండే ఇళ్లలో ఒకటి) వంటగది, స్నానాలగది తీసేసి కొత్తవి పెట్టిస్తున్నారని, పెరట్లోని పాత కాంక్రీటు పలకలు కూడా తీయించాలని, 8 యార్డుల స్కిప్ (పనుల చెత్త వేయడానికి ఇంటి దగ్గర దింపి, నిండాక లారీలో తీసుకెళ్లే పెద్ద ఇనప తొట్టి) కోసం ముగ్గురిని అడిగితే 240, 310, 395 పౌండ్లు చెప్పారని, వాటిలో దేనికి ఒప్పుకోవాలో తెలియడం లేదని రాశారు. పాత సోఫా సంగతి కూడా చివర్లో అడిగారు. లండన్‌కు పడమట ఒక చిన్న ఊళ్లో ఉన్న మా ఇంటికి నేను రెండుసార్లు స్కిప్ తెప్పించాను. మొదటిసారి 255 పౌండ్లకు మాట్లాడుకుని 445 కట్టాను. ఆ తేడా ఎక్కడెక్కడ పుట్టిందో చెబితే మీకు వచ్చిన మూడు ధరల లెక్క కూడా తేలుతుందని అనుకుంటున్నాను.

నా అసలు పొరపాటు స్కిప్ అంటే ఇనప తొట్టి అద్దె అనుకోవడం. మన ఊళ్లో పాత గోడలు కొట్టించినప్పుడు ట్రాక్టరు ట్రిప్పుకు ఇంత అని బేరమాడతాం. ట్రాలీ నిండగానే తోలుకుపోతాడు, ఎక్కడ పోశాడన్నది మనం అడగం. ఇక్కడ తొట్టి అద్దె మొత్తం ఖర్చులో చిన్న భాగం మాత్రమే. లారీ రెండుసార్లు వచ్చిపోయే ఖర్చు కొంత ఉంటుంది. మిగిలినదంతా ఆ చెత్తను స్కిప్ కంపెనీవాళ్ల ఆవరణలో వేరు చేయడానికి, పనికిరానిదాన్ని పూడ్చడానికో కాల్చడానికో అయ్యే ఖర్చు. చెత్తను పూడ్చడం మీద బ్రిటన్‌లో 1996 అక్టోబర్ 1 నుంచి ల్యాండ్‌ఫిల్ పన్ను ఉంది. మొదట టన్నుకు 7 పౌండ్లుగా ఉన్న సాధారణ రేటు పెరుగుతూ పెరుగుతూ 2025 ఏప్రిల్‌లో 126 పౌండ్ల 15 పెన్నీలకు చేరింది. శుభ్రమైన మట్టి, ఇటుక, కాంక్రీటు వంటివాటికి మాత్రం ఆ ఏడాది పెట్టిన రేటు 4 పౌండ్ల 5 పెన్నీలే. స్కిప్ ధరల మర్మం చాలావరకు ఈ రెండు అంకెల మధ్య దూరంలోనే ఉంది. శుభ్రమైన ఇటుక ముక్కల కుప్ప మీద ఒక తివాచీ ముక్క, నాలుగు చెత్త సంచులు పడితే ఆ కుప్పంతా మిశ్రమ చెత్త కింద జమ అయిపోతుంది.

యార్డు అన్న మాట కూడా మొదట్లో నన్ను తికమక పెట్టింది. అది తొట్టి పొడవు కాదు, ఘనపు గజం. 8 యార్డులంటే సుమారు 6.1 ఘనపు మీటర్లు. వదులుగా తవ్విపోసిన మట్టి ఘనపు మీటరుకు దాదాపు టన్నున్నర తూగుతుందనుకుంటే, నిండిన 8 యార్డుల స్కిప్ తొమ్మిది టన్నుల దాకా బరువవుతుంది. అందుకే మట్టికి, రాళ్లకు 8 యార్డులకు మించిన స్కిప్‌ను సాధారణంగా ఇవ్వరు. 10, 12 యార్డులవి చెక్క సామాను, అట్టపెట్టెలు, పాత ఫర్నిచర్ వంటి తేలికపాటి వాటికే. కొందరు ఫోన్‌లో చెప్పే ధరలోనే ఇన్ని టన్నుల వరకు అని ఒక హద్దు పెట్టి, ఆపై ప్రతి టన్నుకు వేరుగా వసూలు చేస్తారు. మీకు 240 చెప్పినవారిని నేనైతే ముందు అడిగే ప్రశ్న ఇదే.

ఇక నా బిల్లు. 255 పౌండ్లన్నది వ్యాట్ కలపని ధర అని డబ్బు కట్టే పేజీ దాకా నాకు తెలియలేదు. అప్పట్లో మా ఇంటి ముందు కారు పెట్టుకునే చోట పరంజా కర్రలు ఉండటంతో స్కిప్‌ను వీధిలో దింపించాల్సి వచ్చింది. వీధిలో పెట్టాలంటే 1980 నాటి హైవేస్ చట్టం ప్రకారం కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటి స్థానిక సంస్థ) అనుమతి తప్పనిసరి. దాన్ని మామూలుగా స్కిప్ కంపెనీయే తీసుకుని, ఆ రుసుమును మన లెక్కలో వేస్తుంది. నాకు 55 పౌండ్లయింది. ఈ రుసుము ఒక్కో కౌన్సిల్‌లో ఒక్కో రకంగా ఉంటుంది. లండన్‌లో కొన్నిచోట్ల వంద దాటుతుంది, పార్కింగ్ బే ఆపించాల్సి వస్తే అది మళ్లీ వేరు. అనుమతి రావడానికి కొన్ని రోజులు పడుతుంది కనుక, మేస్త్రీ సోమవారం వస్తాడనగా శుక్రవారం ఫోన్ చేస్తే పని కాదు.

ఆ తరువాతి దెబ్బ ప్లాస్టర్‌బోర్డు. స్నానాలగది గోడల నుంచి ఊడబెరికిన తెల్లటి పలకలను మా మేస్త్రీ అన్నిటితోపాటు స్కిప్‌లో పడేశాడు. వాటిలో ఉండేది జిప్సం. అది కుళ్లే చెత్తతో కలిసి భూమిలో పడితే కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది కాబట్టి దాన్ని వేరుగా ఉంచాలన్నది ఇక్కడి నియమం. విడిగా సంచుల్లో కట్టి ఉంచితే తక్కువలో పోయేది, కలిపేసినందుకు 40 పౌండ్లు అదనంగా పడింది.

దానికి తోడు ఒక పరుపు. రాత్రి పడుకునేటప్పుడు స్కిప్ మూడొంతులు నిండి ఉంది. తెల్లవారి కిటికీ తెర తీస్తే దాని మీద, నీలి చారల గుడ్డ చిరిగి స్ప్రింగులు బయటికి పొడుచుకొచ్చిన డబుల్ బెడ్ పరుపు ఒకటి అడ్డంగా పడి ఉంది. సందట్లో సడేమియా అంటే ఏమిటో ఆ పొద్దున నాకు తెలిసింది. మూడు రోజులు వాన కురిసి అది అక్షరాలా తడిసి మోపెడైంది. పరుపుకు ప్రత్యేక రుసుము 30 పౌండ్లు. నాది కాదని చెప్పాను గానీ, మన స్కిప్‌లో ఉన్నది మన లెక్కే. 255, 40, 30 కలిపి 325, దాని మీద 20 శాతం వ్యాట్ 65, అనుమతికి 55, వెరసి 445.

తీసుకెళ్లడానికి వచ్చిన లారీ డ్రైవరు నిదానస్తుడు. గొలుసులు తగిలించే ముందు స్కిప్ అంచు మీద అరచేతిని బోర్లించి అటు నుంచి ఇటు జరుపుకుంటూ పోయి, పైకి జానెడు లేచిన పాత అల్మారా తలుపు దగ్గర ఆగి, ఇది తీస్తేనే బండి కదులుతుందన్నాడు. అంచును దాటి నింపిన స్కిప్‌ను రోడ్డెక్కించరు. ఆ రోజు డ్రైవరు తీసుకెళ్లకుండా ఖాళీగా తిరిగిపోయి ఉంటే ఆ వృథా ట్రిప్పుకు కూడా నేనే కట్టాల్సి వచ్చేది. వానలో నిలబడి ఆ తలుపును సుత్తితో విరగ్గొట్టాను.

రెండేళ్ల తరువాత పెరడు చదును చేయించినప్పుడు మట్టి, ఇటుకలు మాత్రమే వేస్తానని ముందే చెప్పి 4 యార్డుల స్కిప్ తీసుకున్నాను. నేల మీద పరిచిన పలకలు పగలకుండా స్కిప్ కింద చెక్కలు పరిపించి ఇంటి ముందు మా స్థలంలోనే దింపించుకున్నాను కనుక అనుమతి ఖర్చు లేదు. సాయంత్రం కాగానే టార్పాలిన్ కప్పి తాడు బిగించాను. వ్యాట్‌తో కలిపి 216 పౌండ్లన్నారు, 216 పౌండ్లే కట్టాను.

మీ విషయానికొస్తే, మూడు ధరలనూ పోల్చే ముందు ముగ్గురినీ ఒకే మాటలతో మళ్లీ అడగండి: వ్యాట్ కలిసిందా, అనుమతి రుసుము కలిసిందా, బరువు హద్దు ఎంత, ఎన్ని రోజులు ఉంచుకోవచ్చు, ప్లాస్టర్‌బోర్డుకు ఎంత. మీకు 395 చెప్పినవారు ఇవన్నీ కలిపి చెప్పి ఉండవచ్చు. అలాగైతే 240 కన్నా అదే చౌక కావచ్చు. మీ పెరటి పలకలను మాత్రం వంటగది చెత్తతో కలపకండి. వాటికొక చిన్న స్కిప్, మిగతావాటికొకటి అంటే ఖర్చు పెరిగినట్టు కనిపిస్తుంది గానీ, వంటగది అల్మారాలను విప్పి పలకలుగా అడుగున పేర్చితే ఆ రెండోది 8 యార్డులది అక్కర్లేకపోవచ్చు. మీకు ఇంటి ముందు ఖాళీ స్థలం లేకపోతే, లారీ నిలబడి ఉండగానే అరగంటలోపు నింపి పంపే పద్ధతి కూడా అడిగి చూడండి. స్కిప్ వీధిలో ఉండిపోదు కనుక అనుమతి అవసరం సాధారణంగా రాదు, కాకపోతే ఇద్దరు ముగ్గురు మనుషులు చెత్తను వాకిట్లో సిద్ధంగా ఉంచుకోవాలి. ఇంతకన్నా ముందు మీ మేస్త్రీ ఇచ్చిన అంచనాలో చెత్త తీసివేత ఉందో లేదో చూసుకోండి. అది ఉండగా స్కిప్‌కు కూడా విడిగా కట్టినవాళ్లను నేనెరుగుదును.

మీరు మీ చేతులతో చేసుకునే చిన్న పనుల చెత్తకైతే స్కిప్ అవసరమే లేదు. 2024 మొదలుకొని ఇంగ్లండ్‌లోని కౌన్సిళ్లు తమ రీసైక్లింగ్ కేంద్రాల్లో, అంటే ఇక్కడివాళ్లు టిప్ అని పిలిచే చోట, ఇంటివాళ్లు సొంతంగా చేసుకున్న మరమ్మతుల చెత్తకు డబ్బు తీసుకోకూడదు. విడతకు 50 లీటర్ల సంచులు రెండు గానీ ఒక పెద్ద వస్తువు గానీ, నాలుగు వారాల్లో నాలుగు విడతల వరకు ఇవ్వవచ్చు. డబ్బిచ్చి మేస్త్రీ చేత చేయించిన పని దీని కిందకు రాదు.

సగం ధరకే వ్యానులో పట్టుకుపోతామని తలుపు తట్టేవారితో జాగ్రత్త. ఆ చెత్త రేపు ఏ పొలం గట్టునో తేలి, అందులో మీ పేరున్న కవరు దొరికితే, లైసెన్సు లేనివారికి అప్పగించినందుకు మీ మీద 600 పౌండ్ల వరకు జరిమానా వేసే అధికారం కౌన్సిల్‌కు ఉంది. స్కిప్ కంపెనీ అయినా వ్యాను మనిషైనా, చెత్త రవాణా లైసెన్సు నంబరు అడిగి, పర్యావరణ సంస్థ రిజిస్టరులో చూసుకున్నాకే డబ్బు కట్టండి. రసీదు కూడా దాచుకోండి.

సోఫాను స్కిప్‌లో వేయకండి. పాత సోఫాల నురుగులో, గుడ్డలో మంట అంటుకోకుండా కలిపిన రసాయనాలు కొన్ని ప్రకృతిలో ఎంతకాలానికీ విచ్ఛిన్నం కానివి కాబట్టి, అవి ఉన్న సోఫాలను పూడ్చకుండా కాల్చి పారేయాల్సిందేనని 2023 నుంచి ఇంగ్లండ్‌లో గట్టిగా అమలు చేస్తున్నారు. అందుకే చాలా స్కిప్ కంపెనీలు సోఫాను తీసుకోవు, తీసుకున్నా ఒక్కోదానికి ఇంత అని వేస్తాయి. మీ కౌన్సిల్ పెద్ద సామాను తీసుకెళ్లే సేవకు ఎంత అడుగుతుందో చూడండి. మా సోఫా అలాగే పోయింది, ఉదయం ఏడు గంటలకల్లా గేటు బయట పెట్టి ఉంచమన్నారు.