పక్షుల వలసా, పక్షుల కాలనీయా?

సందేహం: మాది బెంగళూరు, మారతహళ్లి. మా అపార్ట్‌మెంట్‌లో జరిగే తెలుగు క్లాసు కోసం మా అమ్మాయి లక్షద్వీప్‌లోని పిట్టి దీవి గురించి రాస్తూ 'నిర్జన ద్వీపంలో సముద్రపక్షుల వలస' అని పేరు పెట్టింది. కాలనీ అంటే వలస అని నిఘంటువులో చూసిందట. సరైనదేనా? పిట్టిని లంక అనొచ్చా?

సమాధానం: నిఘంటువు తప్పు చెప్పలేదమ్మా. కానీ అది చెప్పింది రాజ్యాల సంగతి. వలసపాలన, వలసరాజ్యం అన్నప్పుడు ఆ అర్థం కుదురుతుంది. అదే మాట పక్షుల పక్కన చేరితే, ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవడమనే అర్థం వస్తుంది. మీ పాప చెప్పదలచింది అది కాదు కదా, పక్షులన్నీ ఒకేచోట పక్కపక్కన గుడ్లు పెట్టి పిల్లల్ని సాకడం.

జీవశాస్త్ర పాఠాల్లో 'సహనివేశం' అనే మాట ఉంది. నీళ్లలో గుంపుగా బతికే వాల్వాక్స్ అనే సూక్ష్మమైన నాచుకు సరే, పిట్టలకు అతకదు. 'గూళ్ల గుంపు' అందామంటే అక్కడ గూడే ఉండదు! పిట్టిలో గుడ్లు పెట్టే సూటీ టెర్న్ అనే సముద్రపక్షినే తీసుకోండి. పుల్ల పేర్చదు, ఆకు పరచదు. ఉత్త నేల మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. దాని ముక్కుకు అందనంత ఎడంలో పక్క పిట్ట గుడ్డు. ఏళ్ల తరబడి సముద్రం మీదే తిరిగే ఆ పక్షి నేలకు దిగేది ముఖ్యంగా ఈ పనికే. నేల మీది గుడ్డుకు ఎలుక చేరినా, పిల్లి చేరినా, మనిషి చేరినా ముప్పే.

అందుకే 'కాలనీ' అనే రాయించండి. ఆ మాట ఎప్పుడో తెలుగైపోయింది. ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉన్న బొమ్మ వెంటనే కళ్లముందుకొస్తుంది. 'నెలవు' అందమైన మాటే గానీ, అందులో ఆ కిక్కిరిసినతనం లేదు.

'నిర్జన' తప్పు కాదు. అయితే బోసిపోయిన చోటనే ఛాయ వస్తుంది. పక్షులతో కిటకిటలాడే నేలకు 'మనుషులుండని' అంటే చాలు.

లంక మాత్రం వద్దు. గోదావరి, కృష్ణల్లో ఏరు మేట వేసిన నేల లంక. అక్కడ తోటలుంటాయి, ఊళ్లుంటాయి. పిట్టి సముద్రం మధ్య పగడపు దిబ్బ మీద తేలిన, సుమారు మూడెకరాల నేల. ద్వీపం నుంచి వచ్చిన 'దీవి' సరిపోతుంది, 'తిప్ప' అన్నా ముచ్చటగా ఉంటుంది. శ్రీరంగపట్నం దగ్గరి రంగనతిట్టు చూసే ఉంటారు. కావేరిలో కొంగలు గూళ్లు కట్టే ఆ చిన్న చిన్న 'తిట్టు'లు అర్థంలో మన తిప్పలే.

పాప పెట్టిన పేరును ఇలా మార్చండి: 'మనుషులుండని దీవిలో సముద్రపక్షుల కాలనీ'.